పక్క నర్సరీకి బేరం పంపితే మనకేం మిగులుతుంది?

ప్రశ్న: కడియం దగ్గర మాకు రెండెకరాల నర్సరీ ఉంది. ఎకరం సొంతం, ఎకరం కౌలు. నాన్నగారి తరవాత నేను చూసుకుంటున్నాను. మా దగ్గర చాలా ఏళ్లు అంటు కట్టిన అతను నిరుడు మా పక్కనే భూమి కౌలుకు తీసుకొని సొంత నర్సరీ పెట్టాడు. మా బేరాలన్నీ అటు పోతాయేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. మా అమ్మకాల్లో సగానికి దగ్గరగా హైదరాబాదులో తోటలు వేసే ఒక కాంట్రాక్టరుకే వెళ్తాయి. ఆయన ఈ ఏడాది ధరలో నూటికి ఇరవై తగ్గించమంటున్నారు, డబ్బు మూడు నెలల తరవాత ఇస్తానంటున్నారు. ఈమధ్య రాజమండ్రిలో ఒక శిక్షణ తరగతికి వెళ్తే, కొరత గురించి ఆలోచించేవాడికి కొరతే వస్తుందనీ, సమృద్ధిగా ఆలోచించాలనీ, పోటీదారుణ్ణి కూడా ప్రేమించాలనీ చెప్పారు. నాన్నగారు తన దగ్గర లేని మొక్క ఎవరైనా అడిగితే వాళ్లను తానే పక్క నర్సరీకి వెంటబెట్టుకు వెళ్లేవారు. ఇప్పుడు అలా చేస్తే మునిగిపోతామని నా భార్య అంటోంది. బ్యాంకు వాయిదా ప్రతి నెలా ఐదో తేదీన కట్టాలి. ఈ స్థితిలో సమృద్ధిగా ఆలోచించడం ఎలాగో దయచేసి చెప్పండి.

సమాధానం: మీ ఉత్తరంలో మూడు భయాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి: పక్కన వెలసిన నర్సరీ, హైదరాబాదు కాంట్రాక్టరు, నెలనెలా వచ్చే ఐదో తేదీ. శిక్షణ తరగతిలో మీకు ఈ మూడింటికీ కలిపి ఒకటే మందు చెప్పారు. అది పూర్తిగా తప్పని నేను అనను. వచ్చిన ప్రతి బేరాన్నీ ఇదే ఆఖరిదన్నట్టు పట్టుకొని వేళ్లాడే వ్యాపారి, చేతిలో పది బేరాలున్నవాడికంటే తక్కువ ధరకు అమ్ముతాడు, ఎక్కువ అరువిస్తాడు, మాటలో తొట్రుపడతాడు. ఎదుటివాడు ఆ తొట్రుపాటును ఇట్టే పసిగడతాడు. అంతవరకు వారు చెప్పింది నిజమే. అయితే చేతిలో పది బేరాలు లేనివాణ్ణి, అవి ఉన్నట్టు భావించుకోమనడం దగ్గరే నాకు పేచీ. మీకు ముందు ఆ పది బేరాలు కావాలి. ధైర్యం వాటి వెనకాల దానంతట అదే వస్తుంది.

డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ సంగతి ఎవరో వచ్చి చెప్పనక్కరలేదు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయ్యేదాకా ఈ నేల కరువు పాలైంది గోదావరిలో నీళ్లు లేక కాదు. వరద కాలంలో నది ఊళ్లను ముంచి సముద్రంలో కలిసేది, వాన తప్పిన ఏడు అదే ఒడ్డున మనుషులు పస్తులుండేవారు. సర్ ఆర్థర్ కాటన్ కొత్తగా నీటినేమీ పుట్టించలేదు. ఉన్న నీటిని నిలబెట్టి, లాకులు కట్టి, కాలువల వెంట పొలాల దాకా నడిపించారు. అంత ఏర్పాటు జరిగాక కూడా, దాళ్వాలో, అంటే రబీ పంటకు, నది సన్నగిల్లితే ఎగువన ఉన్న సీలేరు జలాశయాల నుంచి నీళ్లు వదలమని అడుగుతాం, వంతులు పెట్టుకుంటాం, శివారు భూములకు అందుతున్నాయా లేదా అని గట్ల మీద తిరిగి చూస్తాం. సమృద్ధి ఉన్నచోట కూడా లెక్క ఉంటుంది, వంతు ఉంటుంది. మీ వ్యాపారం సంగతీ ఇదే. మొక్కలు కొనేవాళ్లు దేశంలో కావలసినంతమంది ఉన్నారు. వాళ్లు మీ గేటు దాకా వచ్చే కాలువ మాత్రం దాదాపు ఒక్కటే ఉంది, ఆ లాకు తాళం ఒక కాంట్రాక్టరు చేతిలో ఉంది.

భయపడుతున్నందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి. 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం కోసం పరిశోధకులు తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు ఆలోచనాశక్తిని కొలిచే పరీక్షలు రెండు విడతలుగా పెట్టారు. ఒక విడత పంట డబ్బు చేతికి రాకముందు, రెండో విడత వచ్చాక. మనుషులు వాళ్లే, పరీక్షలూ ఆ తరహావే. అయినా చేతిలో డబ్బాడని రోజుల్లో వాళ్లు స్పష్టంగా వెనకబడ్డారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. బాకీలూ ఖర్చులూ ఆ తెలివిలో పెద్ద భాగాన్ని తమవైపు లాక్కున్నాయి, తక్కిన నిర్ణయాలకు కొద్దిగానే మిగిలింది. కొరతలో ఉన్నవాడికి సమృద్ధిగా ఆలోచించమని ఉపదేశం చేయడం నాకు నచ్చకపోవడానికి ఇదే కారణం. జ్వరంతో ఉన్నవాణ్ణి చలి వేయడం లేదని అనుకోమంటే వణుకు తగ్గదు.

కాబట్టి నెల మొదటి వారంలో ఏ కొత్త ధరకూ, ఏ కొత్త అరువుకూ ఒప్పుకోకండి. ఆ రోజుల్లో కాంట్రాక్టరు ఫోను చేస్తే, పదో తేదీ తరవాత చెబుతానని మర్యాదగా చెప్పండి. వాయిదా కట్టేసి కొంత తెరిపిన పడ్డాక, మీరూ మీ భార్యా కలిసి కూర్చొని, రకం వారీగా ఇంతకు తగ్గితే అమ్మకూడదన్న ధరనూ, ఇన్ని రోజులకు మించి అరువివ్వకూడదన్న గడువునూ మీ జేబు పుస్తకంలో రాసుకోండి. బేరం ఆడే సమయంలో నిర్ణయించవద్దు. అప్పటికే నిర్ణయించి ఉన్నదాన్ని చదివి చెప్పండి. మీ వాయిదాలను తొలకరి అమ్మకాల నెలల్లో ఎక్కువగా, వేసవిలో తక్కువగా ఉండేలా మార్చే వీలుందేమో బ్యాంకు మేనేజరును ఒకసారి అడిగి చూడండి. ఒప్పుకోకపోయినా అడిగినందువల్ల పోయేదేమీ లేదు. ప్రతి లోడు మీద వచ్చిన డబ్బులో పదో వంతు వేరే ఖాతాలో వేస్తూ, మూడు నెలల కూలీలు, కౌలు, వాయిదా కలిపి ఎంతవుతుందో అంత మొత్తం నిలవ అయ్యేదాకా దాన్ని ముట్టకండి. ఆ ఖాతా నిండుతున్నకొద్దీ మీ గొంతు ఎలా మారుతుందో మీకే తెలుస్తుంది.

తరవాత మీ వ్యాపారంలో దేనికి నిజంగా కొరత ఉందో, దేనికి లేదో విడదీసుకోవాలి. చాలామంది తారుమారయ్యేది ఇక్కడే. మీకు నిజంగా కొరతగా ఉన్నవి చేతిలో నగదు, తొలకరి నుంచి శ్రావణం దాకా ఉండే కొద్దిపాటి అమ్మకాల రోజులు, చేయి తిరిగిన అంటుకట్టేవాళ్లు, మీకున్న జాగా. వీటిని ఎంత గట్టిగా కాపాడుకున్నా తప్పు లేదు, అందులో సంకుచితత్వం ఏమీ లేదు. కొరత లేనివి కొనేవాళ్లు, మొక్కల రకాలు, తరతరాలుగా మీ ఇంట్లో పోగుపడిన పరిజ్ఞానం. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, కొరతగా ఉన్న నగదును మూడు నెలల పాటు వదులుకోవడానికి దాదాపు సిద్ధపడ్డారు; కొరత లేని కొనేవాళ్ల కోసం పక్కవాడితో పోట్లాటకూ సిద్ధపడుతున్నారు. రెండూ తిరగబడాలి.

కాంట్రాక్టరు అడిగిన ఇరవై శాతం ఎంతవుతుందో అంకెల్లో చూద్దాం. లెక్క సులువుగా ఉండడానికి, మీరు ఒక మొక్కను నూరు రూపాయలకు అమ్ముతున్నారనీ, కవరు, ఎర్రమట్టి, ఎరువు, కూలి, కౌలు, కరెంటు, మధ్యలో చచ్చిపోయే మొక్కల నష్టం అన్నీ కలిపి దానికి డెబ్బై రూపాయలు ఖర్చవుతోందనీ అనుకుందాం. వెయ్యి మొక్కల మీద మీకు మిగిలేది 30,000 రూపాయలు. ధరలో పది శాతం తగ్గిస్తే మొక్కకు ఇరవై రూపాయలే మిగులుతాయి, అదే 30,000 రావాలంటే 1,500 మొక్కలు అమ్మాలి. ఇరవై శాతం తగ్గిస్తే మొక్కకు మిగిలేది పది రూపాయలు, అప్పుడు 3,000 మొక్కలు అమ్మాలి. ధర తగ్గింది ఐదో వంతే, పని మాత్రం మూడు రెట్లయింది. మూడు రెట్ల మొక్కలు మీ రెండెకరాల్లో ఎక్కడ పెడతారు, ఎవరు నీళ్లు కడతారు, ఎవరు లారీకి ఎక్కిస్తారు?

ఇక అరువు. తగ్గించిన ధరకు వెయ్యి మొక్కల బిల్లు 80,000 రూపాయలు. ఆ డబ్బు వచ్చేదాకా కూలీలకూ కౌలుకూ మీరు బయట నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అంత మొత్తం తెచ్చుకుంటే, నెలకు 1,600 చొప్పున మూడు నెలలకు 4,800 రూపాయలు. ఆ వెయ్యి మొక్కల మీద మీకు మిగిలే పదివేలలో దాదాపు సగం వడ్డీకే పోయింది. చెప్పిన మూడు నెలలు ఆరు నెలలయ్యాయంటే వడ్డీ 9,600, మీ ఏడాది కష్టానికి మిగిలింది నాలుగు వందలు. 2011లో కోనసీమ రైతులు సార్వాకు, అంటే ఖరీఫ్‌కు, పంట విరామం ప్రకటించి నాట్లు మానేసినప్పుడు వాళ్ల భూములు పండక ఆ పని చేయలేదు. వచ్చే ధర పెట్టిన ఖర్చుకు చాలక చేశారు. పండటం వేరు, మిగలటం వేరు అని ఈ ప్రాంతం అంత గట్టిగా చెప్పిన సందర్భం ఇంకొకటి నాకు గుర్తు లేదు. ఎక్కువ అమ్మితే సమృద్ధి వచ్చినట్టేనని ఎవరైనా అంటే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

అలాగని ఆ కాంట్రాక్టరుతో తెగతెంపులు చేసుకోమని నేను చెప్పను. అమ్మకాల్లో సగం ఒక్కసారిగా పోతే మీరు నిలదొక్కుకోలేరు. ఆయన అడిగింది ఇవ్వడం, కాదనడం అన్న రెండు దారులే ఉన్నాయని అనుకోకండి. తగ్గింపుకు బదులుగా ఏదో ఒకటి అడగండి. సగం డబ్బు ముందుగా ఇచ్చి, లోడు ఎక్కే రోజున మిగతాది ఇస్తే ఐదు శాతం తగ్గిస్తాననండి. రద్దీ లేని నెలల్లో, మీకు వీలైన వారంలో సరుకు ఎత్తుకుంటే మరికొంత ఆలోచిస్తాననండి. మీ దగ్గర కవరు దాటి వేరు దిగిపోతున్న రకాలేవైనా ఉంటే వాటి మీద ఎక్కువ తగ్గించవచ్చు, ఎందుకంటే అవి ఇంకో వాన దాకా ఉంటే పెద్ద కవరుకు మార్చే ఖర్చు మీ నెత్తినే పడుతుంది. అరువు అడిగితే ముప్పై రోజులు, అదీ పాత బాకీ పూర్తిగా తీరాకే. వీటిలో ఏదీ ఆయన ఒప్పుకోకపోతే, ఆయనకు కావలసిన మొక్కల్లో మీకు మిగులు బాగా ఉన్న రకాలు మాత్రమే ఇచ్చి మిగతావి వదులుకోండి. రెండు సీజన్లలో ఆయన వాటాను సగం నుంచి పాతిక శాతానికి తేవడం మీ లక్ష్యం కావాలి. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో చూడాలంటే భీమవరం వైపు చూడండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని యాభై శాతానికి పెంచినప్పుడు రొయ్యల చెరువుల గట్ల మీద ఎంత ఆందోళన పుట్టిందో మీరూ విని ఉంటారు. సాగు చేయడంలో ఆ రైతుల లోపం ఏమీ లేదు. సరుకులో అంత పెద్ద భాగం ఒకే దేశానికి వెళ్తున్నందువల్ల అక్కడ తీసుకున్న నిర్ణయం ఇక్కడి చెరువు ధరను శాసించింది.

ఇప్పుడు అసలు పని, కొత్త కాలువలు తవ్వడం. దీని మీద నేను కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ నిద్ర తిరిగి వచ్చే దారి ఇదే. ముందు మీ దగ్గర గత ఐదారేళ్లుగా కొన్నవాళ్ల పేర్లు, నంబర్లు, ఊళ్లు, కొన్న రకాలు ఒక పుస్తకంలోకి ఎక్కించండి. చాలా నర్సరీల్లో ఇవి చిట్టీల మీద, పాత ఫోన్లలో, బిల్లు పుస్తకాల వెనక అట్టల మీద పడి ఉంటాయి. వేసవిలో అమ్మకాలు మందగించిన రోజుల్లో రోజుకు ఐదుగురికి ఫోను చేయండి. ఏదైనా కొనమని అడగడానికి కాదు. నిరుడు తీసుకెళ్లిన మొక్కలు బతికాయా, ఎన్ని పోయాయి, ఎందుకు పోయాయి అని అడగడానికి. అమ్మిన తరవాత మొక్క సంగతి కనుక్కునే నర్సరీవాడు కొనేవాడికి అరుదుగా కనిపిస్తాడు. ఆ ఫోన్లలో మీకు రెండు లాభాలు ఉన్నాయి: ఏ రకం ఏ నేలలో పోతోందో తెలుస్తుంది, రాబోయే తొలకరికి ఎవరు ఏం నాటబోతున్నారో వాళ్లే చెబుతారు. అది రాసుకొని, ఆ నెల రాగానే మళ్లీ పలకరించండి. విచారణకు ఫోను చేసి కొనకుండా ఊరుకున్నవాళ్లను కూడా ఈ పుస్తకంలో చేర్చండి. ఇవాళ కొననివాడు అసలు కొననివాడని అనుకోవడం కొరత భావనలోని పెద్ద పొరపాటు.

కొనేవాళ్లు ఎవరెవరని అడుగుతారేమో. మెట్ట ప్రాంతంలో మామిడి, జీడిమామిడి, నిమ్మ తోటలు వేసే రైతులు, విశాఖపట్నం విజయవాడల చుట్టుపక్కల కొత్త లేఔట్లు వేస్తున్నవాళ్లు, పాఠశాలలు, ఉసిరీ మారేడూ జమ్మీ నాటించే దేవాలయాలు, పెళ్లికీ గృహప్రవేశానికీ వచ్చినవాళ్లకు చిన్న మొక్క కానుకగా ఇచ్చేవాళ్లు. మిద్దె తోటలు పెంచేవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్లు ఒక్కొక్కరు కొనేది తక్కువే, కాని ప్రతి పట్టణంలోనూ వాట్సాప్ బృందాలుగా ఉంటారు, ఒకరికి మంచి మొక్క అందితే అందరికీ తెలుస్తుంది, వెంటనే డబ్బు కడతారు, ధర కోసం అంతగా పీడించరు. పది ఊళ్లలో పదిమందికి నమ్మకమైన మొక్కలు పంపగలిగితే నెలనెలా వచ్చే ఆ చిన్న సొమ్ము మీ ఐదో తేదీని సగం మోస్తుంది. ప్రభుత్వ శాఖల టెండర్లు కూడా ఉంటాయి, కాని వాటి బిల్లులు ఆలస్యమయ్యే అవకాశాన్ని లెక్కలో వేసుకోనిదే మీ స్థితిలో వాటి జోలికి వెళ్లవద్దు.

ఇలా కొనేవాళ్లు పెరిగినకొద్దీ మీకు నిజం చెప్పే స్తోమత వస్తుంది. అమ్మకాల్లో సమృద్ధి అంటే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన అర్థం ఇదే. సముద్రం దగ్గర చౌడు నేల ఉన్న రైతు మామిడి అంట్లు వంద కావాలని వచ్చాడనుకోండి. మామిడి ఉప్పును ఓర్చుకోదని మీకు తెలుసు. ఆ పూట ఒక్కటే బేరం ఉన్నవాడు నోరు మూసుకొని అమ్మేస్తాడు, రెండేళ్లకు ఆ ఊళ్లో అతని పేరు చెడుతుంది. పుస్తకం నిండా పేర్లున్నవాడు, ముందు మట్టి పరీక్ష చేయించుకోండి, చౌడు ఎక్కువగా ఉంటే సపోటా కొంతవరకు తట్టుకుంటుంది, ఇప్పుడు పది మొక్కలు నాటి చూడండి, అని చెబుతాడు. తొంభై మొక్కల బేరం ఆ రోజుకు పోయినట్టే కనిపిస్తుంది. కాని ఆ రైతు తనకు తెలిసిన ప్రతి రైతుకూ ఏ నర్సరీ పేరు చెబుతాడో మీరే ఊహించవచ్చు. మీ దగ్గర పనిచేసేవాళ్లకు కూడా ఇది నేర్పండి. వద్దని చెప్పినందుకు మందలించే యజమాని దగ్గర ఎవరూ నిజం చెప్పరు.

ఇప్పుడు పక్క నర్సరీ విషయానికి వస్తాను. కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, వీరవరం చుట్టూ జాతీయ రహదారి వెంట ఇన్ని నర్సరీలు ఒకేచోట ఉండటం మీ దురదృష్టం అని మీరు భావిస్తున్నట్టుంది. నిజానికి ఎక్కడి నుంచో లారీ వేసుకొని వచ్చేవాడు మీ ఒక్క నర్సరీ కోసం రాడు. అరవై రకాల చీటీ జేబులో పెట్టుకొని, అన్నీ ఒకేచోట దొరుకుతాయనీ, ధరలు పోల్చుకోవచ్చనీ, లోడు ఒకటి రెండు రోజుల్లో నిండుతుందనీ వస్తాడు. పక్కన నర్సరీలు లేకపోతే అతను ఈ దారి పట్టడు. ఒకడు పండ్ల అంట్లలో దిట్ట, ఒకడు పూల మొక్కల్లో, ఒకడు నీడ మొక్కల్లో, ఒకడు పెద్ద చెట్లు సంచుల్లో పెంచడంలో. ఒకరి లోడు నిండాలంటే నలుగురి దగ్గర ఎత్తవలసిందే. ఈ పద్ధతి మీకు నేను చెప్పేదేమిటి, మీరు పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే.

మీ నాన్నగారు చేసినది ఈ పద్ధతికి తగినదే, మీ భార్య చెప్పినదీ కొట్టివేయదగినది కాదు. నాన్నగారి రోజుల్లో కొనేవాడు స్వయంగా వచ్చేవాడు, వెంటబెట్టుకు వెళ్లినవాడి ముఖం గుర్తుపెట్టుకునేవాడు, తిరిగి వచ్చేటప్పుడు మొదటి గుమ్మమే ఎక్కేవాడు. ఇప్పుడు చేతిలో ఫోను ఉంది. పక్క నర్సరీ బోర్డు ఫోటో తీసుకొని, నంబరు రాసుకొని, మరుసటి ఏడు నేరుగా అక్కడికే ఫోను చేస్తాడు. అందుకని దాపరికం మొదలుపెట్టనక్కరలేదు, పద్ధతి మార్చుకుంటే చాలు. కొనేవాణ్ణి పంపకండి, మొక్కను తెప్పించండి. లేని రకాన్ని పక్క నర్సరీ నుంచి మీ లోడులోకి ఎత్తించి, బిల్లు మీరే వేసి, ముందుగా అనుకున్న తేడా మీరు ఉంచుకోండి. ఒక మొక్కో రెండు మొక్కలో కావలసిన ఇంటివాళ్లను మాత్రం నాన్నగారిలాగే మనస్ఫూర్తిగా పంపండి. అక్కడ పోయేది పెద్దగా లేదు, వచ్చే మంచి పేరు మాత్రం నిలుస్తుంది.

ఈ పంచుకోవడానికి కూడా హద్దులు ఉండాలి, లేకపోతే మీ భార్య భయం నిజమవుతుంది. మీ తల్లి మొక్కల నుంచి అంటు కట్టే పుల్లలు ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో మీ ఇష్టం. మీ పుస్తకంలోని పేర్లు, నంబర్లు మీవి. అవి మీకు నమ్మి ఇచ్చినవాళ్లవి కూడా, కాబట్టి వాటిని పంచే హక్కు మీకు సైతం లేదు. పక్కవాడి నుంచి తెచ్చిన మొక్క నాణ్యతకు కొనేవాడి ముందు జవాబుదారు మీరే, అందుచేత చూడకుండా ఎత్తకండి. పనివాళ్ల దగ్గర మెళకువలు దాచడం మాత్రం వృథా. అంటు కట్టేవాడి కళ్లు కట్టలేరు. వాళ్లు ఇంకొకరి దగ్గరికి వెళ్లకుండా ఉండాలంటే, బతికిన అంట్ల లెక్కన కూలికి పైన కొంత ఇవ్వడం, సీజను చివర లాభంలో చిన్న వాటా ఇవ్వడం వంటివి దాపరికంకంటే ఎన్నో రెట్లు బాగా పనిచేస్తాయి. అయినా కొందరు వెళ్తారు, సొంతంగా పెట్టుకుంటారు. ఈ ప్రాంతంలో నర్సరీలు ఇన్ని అయ్యాయంటే, ఒకరి దగ్గర పని నేర్చుకున్నవాళ్లు తమదంటూ ఒకటి పెట్టుకోవడం కూడా ఒక కారణమని మీకు వేరే చెప్పనక్కరలేదు.

మీ దగ్గర పనిచేసి వెళ్లినతను ఇప్పుడు మీలాగే కౌలుకూ కూలీలకూ తంటాలు పడుతూ ఉంటాడు. అతని చేతి అంటు ఎలా ఉంటుందో ఊళ్లో అందరికంటే మీకే బాగా తెలుసు. అతనితో పోటీపడి ధర తగ్గిస్తే, పైన రాసిన లెక్క ప్రకారం ఇద్దరూ నష్టపోతారు, బాగుపడేది హైదరాబాదు కాంట్రాక్టరు. తొలకరికి ముందే ఒక రోజు మీరే వెళ్లి కలవండి. పెద్దరికం మీది కాబట్టి మొదటి మాట మీరే అనడం బాగుంటుంది. ఏయే రకాలు అతను పెంచుతున్నాడో, ఏవి మీరు పెంచుతున్నారో చూసుకొని, రెండుచోట్లా ఒకే మొక్క పెంచుతున్నచోట ఒకరు తగ్గించుకోవడం గురించి మాట్లాడండి. లోడుకు ఒకరి దగ్గర ఒకరు ఎత్తుకునే ధర, డబ్బు చెల్లించే రోజు, చచ్చిన మొక్కకు బదులిచ్చే పద్ధతి కాగితం మీద రాసుకొని ఇద్దరూ సంతకాలు పెట్టండి. పాత చనువును నమ్ముకొని నోటిమాటగా వదిలేయకండి. మొదటి సీజనుకు ఒకటి రెండు రకాలతోనే మొదలుపెట్టి, ఇద్దరికీ డబ్బు సరిగ్గా ముట్టాక పెంచుకోవచ్చు. అతను ఒప్పుకోకపోతే కొంతకాలం ఆగి, ఇంకో నర్సరీతో ఇదే ఏర్పాటు చేసుకోండి, బుర్రిలంక దాకా వెళ్లవలసి వచ్చినా సరే.